నర్సక్క ఉంచమన్న తప్పులు

మొన్న శనివారం పూజ ముగించుకుని బీరువా పై అర సర్దుతుంటే పాత హెడ్‌ఫోన్ చేతికొచ్చింది. దేనికీ తగిలించకుండా ఊరికే చెవులకు పెట్టుకున్నాను. లోపలి స్పాంజి ఎప్పుడో పొడయిపోయింది, నల్లటి పొట్టు చెంపలకు అంటుకుంది. దాంతోపాటే కొబ్బరినూనె, జర్దా కలిసిన వాసన సన్నగా తగిలింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ వాసన ఉండడం సాధ్యమా, నా మనసు కల్పించుకుందా అన్నది తెలియదు. ఏదైతేనేం, పొట్టు తుడుచుకోబుద్ధి కాలేదు. నర్సక్క వచ్చి పక్కన కూర్చున్నట్టే ఉంది.

నర్సక్కను మీరెవరూ చూసి ఉండరు. రాంగోపాల్‌పేట్‌లో ఒక ఇరుకు సందులో మైకు సెట్లు అద్దెకిచ్చే దుకాణం ఆమెది. భర్త పెట్టిన దుకాణం. ఆయన పోయాక సామాను అమ్మేసుకుంటుందిలే అని బజారంతా అనుకున్నారట. ఆమె కొంగు నడుముకు బిగించి, నిచ్చెనెక్కి, స్పీకర్లు తానే కట్టడం మొదలుపెట్టింది. పెళ్ళిళ్ళూ, భజనలూ, హరికథలూ క్యాసెట్ల మీద రికార్డు చేసి, అడిగినవాళ్ళకు కాపీలు తీసి ఇచ్చేది కూడా. పొడవైన మనిషి, నోట్లో ఎప్పుడూ పాన్. ఆమె మాటల్లో సగం తిట్లలాగే వినిపించేవి. అవి తిట్లు కావని తెలుసుకోవడానికి నాకు కొంతకాలం పట్టింది.

నా సంగతి కూడా చెప్పాలి. మాది శ్రీకాకుళం వైపు. నాన్నగారి రైల్వే ఉద్యోగం మమ్మల్ని చిలకలగూడకు తెచ్చింది. చిన్నప్పుడు జ్వరం వచ్చి గుండె బలహీనపడిందని, మెట్లెక్కకూడదని, పరిగెత్తకూడదని డాక్టరు చెప్పడంతో నేను బడి మొహం చూడలేదు. అమ్మే నా బడి. వంటింటి గట్టు మీద పలక పెట్టుకుని అక్షరాలు, పప్పు ఉడికేలోపు ఎక్కాలు, సాయంత్రం దీపం పెట్టాక రామాయణం. అందుకు ఆ తల్లికి రోజూ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. కానీ మా వీధి గోడల నిండా కంప్యూటర్ కోర్సుల పోస్టర్లు అంటించిన రోజులవి. ఎదురైన ప్రతివాళ్ళూ అడిగే మొదటి మాట, ఏ కోర్సు చేస్తున్నావమ్మా అని. ఏదీ లేదని తల వంచుకునేదాన్ని. మా అన్నయ్య ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో కుదురుకున్నాడు. వాడు కొనుక్కున్న కంప్యూటర్ పగలంతా ఖాళీగా ఉండేది. వాణ్ణి అడిగి నాలుగు ముక్కలు నేర్చుకున్నాను, అంతే.

నర్సక్కను మొదటిసారి చూసింది మా వీధిలో శ్రీరామనవమి పందిట్లో. ఆడవాళ్ళం భజన చేస్తున్నాం. నేనెప్పుడూ చివరి వరుస, నా గొంతు నాకే వినపడేంత. ఎడమవైపు స్పీకర్ సన్నగా గుయ్యిమంటోందని, ఆ గుయ్యి హార్మోనియం శ్రుతికి కాస్త పైన ఉండడం వల్ల అందరి గొంతులూ అటు జారుతున్నాయని అమ్మ చెవిలో చెప్పాను. వెనక తీగలు చూసుకుంటున్న నర్సక్క చెవిన పడింది.

"ఏం జెప్పినవ్ పిల్లా, మళ్ల జెప్పు" అంది.

నేను అమ్మ భుజం వెనక్కి జరిగాను. అమ్మే చెప్పింది. నర్సక్క వెళ్ళి ఏదో తీగ మార్చింది, గుయ్యి ఆగింది. భజన అయ్యాక మా దగ్గరికొచ్చి, ఇరవై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాననీ, గుయ్యిమంటోందని చెప్పినవాళ్ళున్నారు గానీ ఏ శ్రుతిలో గుయ్యిమంటోందో చెప్పినవాళ్ళు లేరనీ అంది. నన్ను ఎగాదిగా చూసి, ఏం చదివినవని అడిగింది. బడికి పోలేదన్నాను. ఆ మాట విన్నవాళ్ళందరూ అయ్యోపాపం అనేవారు. ఆమె మాత్రం తలూపి, మంచిగైంది, చెవులు పాడుకాలే అంది.

ఆ తర్వాత కొన్నాళ్ళకు ఆమె మా ఇంటికొచ్చింది. జనం క్యాసెట్లు వద్దని సీడీలు అడుగుతున్నారట, అదీ ఏ పాటకాపాట విడిగా వినేట్టు కావాలంటున్నారట. ఆమెకు కంప్యూటర్ లేదు. మా ఇంట్లో ఉందని ఎవరో చెప్పారు. అమ్మకు నన్ను బయటికి పంపడం భయం. నర్సక్క మంచినీళ్ళు తాగి, "పిల్ల బయటికి రావద్దులే అమ్మా, టేపే మీ ఇంటికొస్తది" అంది. అమ్మ కాదనలేకపోయింది.

అలా మొదలైంది నా పని. అన్నయ్య కొన్న కంప్యూటర్ పత్రికతోపాటు ఒక సీడీ వచ్చేది, అందులో ఉచితంగా వాడుకునే సాఫ్ట్‌వేర్లు ఉండేవి. వాటిలో ఒకటి శబ్దాన్ని బొమ్మగా చూపించేది. టేప్‌రికార్డర్‌నీ కంప్యూటర్‌నీ తీగతో కలిపి పాట పెడితే, తెర మీద నీలం రంగు అలలు పరుచుకుంటూ పోయేవి. పాట ఉన్నచోట అల లావుగా, లేనిచోట దారంలా సన్నగా. ఆ సన్నటి చోట్ల గుర్తులు పెట్టి, ఒక్కో ముక్కకూ పేరు రాసి మీట నొక్కితే, గంటన్నర రికార్డింగు పది పన్నెండు పాటలుగా విడిపోయేది. మొదటిసారి అలా విడిపోయినప్పుడు దేవుడి పటం ముందు సీడీ పెట్టి కుంకుమ బొట్టు పెట్టాను. బొట్టు తుడిచాకే అది ప్లేయర్‌లో తిరిగింది.

ఆ మొదటి సీడీ ఒక హరికథది. నర్సక్క తన హెడ్‌ఫోన్ తెచ్చుకుని వినడానికి కూర్చుంది. వింటూ వింటూ నవ్వడం మొదలుపెట్టింది. ఒక పాట చివర జనం చప్పట్లు కొడుతున్నారు. ఉన్నట్టుండి రెండు క్షణాలు బావిలో పడ్డట్టు నిశ్శబ్దం. మళ్ళీ చప్పట్లు.

"ఏందే, చప్పట్లు కొట్టేటోళ్లు నడుమ చాయ్ తాగి వచ్చిండ్రా?"

సీడీ రాసేటప్పుడు పాటకూ పాటకూ మధ్య కంప్యూటర్ తనంతట తాను ఖాళీ పెడుతుందని నాకు తెలియదు. దాన్ని ఎలా ఆపాలో వెతికి పట్టుకోవడానికి రెండు రోజులు పట్టింది. నర్సక్కకు ఇంగ్లీషు అక్షరం రాదు, తెర మీద ఏముందో ఆమెకు అక్కర్లేదు. నా పక్కన కళ్ళు మూసుకు కూర్చుని, పాట ఎక్కడ మొదలవ్వాలో అక్కడ వేలెత్తేది. నేను గొంతు వినిపించినచోట కోస్తే, ఆమె వేలు దానికన్నా ముందే లేచేది. మూడుసార్లు అలా అయ్యాక అడిగాను. "పాడేముందు మనిషి ఊపిరి తీస్తది గదా, అది కోసేస్తే ఇనేటోని ఊపిరి ఆగుతది" అంది. తర్వాత నేనెప్పుడూ ఊపిరి కొయ్యలేదు. వచ్చినవాళ్ళకు నన్ను చూపించి "మా సాఫ్ట్‌వేర్ ఇంజినీరు" అనేది. మొదట్లో వెక్కిరింపనుకున్నాను. ఒకసారి ఎవరో నా చదువు గురించి నవ్వితే, వాళ్ళ మైకు సెట్టు కట్టనని చెప్పి సామాను వెనక్కి తెచ్చేసుకుంది.

ఏడాది తిరిగేసరికి నాకు చేయి తిరిగింది. దాంతోపాటు కొంచెం గర్వం కూడా వచ్చిందని ఇప్పుడు ఒప్పుకుంటాను. దగ్గులు తీసేయడం, ఫ్యాను హోరు తగ్గించడం, అతుకు తెలియకుండా కలపడం. ఎంత శుభ్రంగా ఉందండీ అని జనం మెచ్చుకుంటుంటే, దేవుడి పనే చేస్తున్నట్టు అనిపించేది. సరిగ్గా అప్పుడే సూరమ్మగారి రికార్డింగు వచ్చింది.

సూరమ్మగారు మల్కాజ్‌గిరిలో ఆడవాళ్ళ భజన మండలి నడిపేవారు. ఆవిడదీ మా వైపే. పెళ్ళయి కాపురానికి వెళ్ళినప్పుడు అత్తగారి దగ్గర నేర్చుకున్న పాటలు ఇరవైకి పైగా ఉండేవి ఆవిడ దగ్గర, మేలుకొలుపు మొదలుకొని పవళింపు దాకా. ఏ పుస్తకంలోనూ లేని పాటలు. నేనూ అమ్మా నెలకోసారి వెళ్ళి ఆ మండలిలో కూర్చునేవాళ్ళం. ఆవిడ గొంతులో ఏదో పెరుగుతోందని, ఆపరేషన్ చెయ్యాలని, ఆ తర్వాత పాడడం మాట అటుంచి మాటే ఎలా ఉంటుందో చెప్పలేమని డాక్టర్లు అన్నారు. గురువారం ఆపరేషన్ అనగా, పన్నెండు రోజుల ముందు శనివారం పొద్దున మండలిని పిలిచి, పాటలన్నీ అందరికీ అప్పచెప్పేస్తానన్నారు. నర్సక్క మైకు పెట్టింది. ఆ రోజు నాకు ఒంట్లో బాగోలేక వెళ్ళలేదు. నాలుగు క్యాసెట్లు మా ఇంటికొచ్చాయి.

వింటే మధ్యమధ్య ఆగిపోయే పాటలు. సూరమ్మగారు ఒక పంక్తి పాడి, మండలి చేత పాడించి, ఆపి, అలా కాదు, అక్కడ ఎక్కకండి, ముందు కాస్త దిగండి అని చెప్పి మళ్ళీ ఎత్తుకోవడం. నడుమ దగ్గు, ఫ్యాను తగ్గించమనడం, బయట పోయే రైలు. నేను ఆవిడ మీద భక్తితోనే చేశాను ఆ పని. దేవుడి పాటల నడుమ ఇవన్నీ ఎందుకనుకున్నాను. నాలుగు రోజులు కూర్చుని ప్రతి మాటా తీసేసి, పాట ముక్కల్ని అతికి, ఒక్క దగ్గు కూడా లేకుండా తయారుచేశాను. అన్నయ్య కంప్యూటర్‌లో చోటు తక్కువ, అందుకని క్యాసెట్ల నుంచి కొయ్యకుండా ఎక్కించిన పెద్ద ఫైళ్ళు ఎప్పటిలాగే చెరిపేశాను. పని పూర్తయితే క్యాసెట్ మీద 'అయింది' అని చీటీ అంటించి పంపడం మా ఇద్దరి పద్ధతి. ఆ చీటీ ఉన్న క్యాసెట్‌ను ఆమె మళ్ళీ వాడుకునేది. నాలుగింటి మీదా అంటించి పంపాను.

ఆపరేషన్ వారం, సోమవారం మధ్యాహ్నం, నర్సక్క ఆటో దిగి గుమ్మంలోనే కూర్చుండిపోయింది. లోపలికి రమ్మన్నా రాలేదు. సీడీ చేతిలో ఉంది.

"సూరమ్మ మాటలేవే?"

తీసేశానక్కా అన్నాను, ఇంకా మెచ్చుకుంటుందనే అనుకుంటూ. ఆమె నన్ను చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. కోపం కాదు. ఏదో చేజారిపోయినప్పుడు మనుషులు చూసే చూపు. ఆ పాటలు మండలికి ముందే కొంచెం కొంచెం తెలుసు, తెలియనిది ఎక్కడ తప్పుతున్నామనేదే, ఆ ముసలామె ఉన్న గొంతంతా ఖర్చుపెట్టి చెప్పింది అదే అని మెల్లగా చెప్పింది. పెద్ద ఫైళ్ళు లేవు. క్యాసెట్లు ఉన్నాయా అని అడిగాను. మొదటి రెండింటి మీదా ఆదివారం ఒక కాలనీ మీటింగు రికార్డు చేసేసిందట. మిగిలినవి రెండే. అంటే పది పాటల దిద్దుబాట్లు లోకంలో ఎక్కడా లేవు. ఇంకో మూడు రోజుల్లో ఆ గొంతు ఉంటుందో లేదో తెలియదు.

నేను ఏడుస్తుంటే నర్సక్క కాసేపు ఏడవనిచ్చింది. తర్వాత, "అయిందని రాసింది నువ్వు. ఇనకుండ చెరిపింది నేను. ఇద్దరం పోయి చెప్పుదాం, లే" అంది. ఆమె చెరపడంలో తప్పేముంది, చీటీ అంటించింది నేను కదా. అయినా సగం తన మీద వేసుకుంది. ఆ సగం లేకపోతే నేను గుమ్మం దాటగలిగేదాన్ని కాదు.

అమ్మతో చెప్పి, ఇద్దరం స్టేషన్‌కి నడిచి లోకల్ ట్రైన్ ఎక్కాం. నర్సక్క ఒళ్ళో టేప్‌రికార్డర్ ఉన్న సంచీ. మల్కాజ్‌గిరి స్టేషన్ మెట్ల దగ్గర నా చెయ్యి పట్టుకుని, మెట్టు మెట్టుకూ ఆగింది.

సూరమ్మగారు మంచం మీద దిండుకు ఆనుకుని ఉన్నారు. నేనే చెప్పాలని నర్సక్క ముందే తేల్చేసింది. చెప్పాను, తల ఎత్తకుండా. ఆవిడ గొంతు అప్పటికే గరగరలాడుతోంది.

"పాటలుంచి మాటలు తీసీసేవన్నమాట. మా అత్తగారు నాకు పాటలేటీ నేర్పలేదే కామేశ్వరీ. తప్పులు చెప్పీది, అంతే."

మళ్ళీ పాడించడానికి లేదు. పంక్తి కూడా పాడొద్దని డాక్టరు గట్టిగా చెప్పారట, తక్కువగా మాట్లాడమన్నారట. సూరమ్మగారే నా వైపు చెయ్యి చూపించారు. "నువ్వు పాడు. నాను చెప్తాను."

ఇరవై నాలుగేళ్ళు వచ్చినా నేను ఒంటరిగా నలుగురిలో పాడి ఎరగను. నావల్ల కాదన్నాను. మండలిలో బాగా పాడేవాళ్ళను పిలుద్దామన్నాను. నర్సక్క అప్పటికే తీగలు కలిపి మైకు నా ముందు పెట్టేసింది. "మంచిగ పాడేటోళ్లు ఎందుకే? తప్పు పాడేటోళ్లు గావాలె ఇప్పుడు" అంది. సూరమ్మగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ నవ్వు చూసి నాకు ధైర్యం వచ్చింది.

మేలుకొలుపుతో మొదలుపెట్టాను. రెండో పంక్తిలో స్వామిని రావయ్యా అని పిలిచే చోట, భయం వల్ల గొంతు ముందే పైకి ఎగిరిపోయింది. ఆవిడ చెయ్యెత్తి ఆపారు. పిల్లాణ్ణి నిద్రలేపుతున్నావు, ఉలికిపడేలా పిలుస్తావేటి, ముందు వొంగి, దగ్గరకెళ్ళి, అప్పుడు పిలువు అన్నారు. మళ్ళీ పాడాను. మళ్ళీ ఆపారు. మూడోసారికి గొంతు తనంతట తాను కిందికి దిగి, అక్కణ్ణుంచి మెల్లగా లేచింది. ఆవిడ కళ్ళు మూసుకున్నారు. ఆ రోజు నాలుగు పాటలు, మంగళవారం ఆరు. ప్రతి పాటలోనూ తప్పాను. కావాలని తప్పింది ఒక్కటీ లేదు, ఆ శ్రమ నాకు దేవుడు తప్పించాడు.

మంగళవారం సాయంత్రం నర్సక్కను వెంటబెట్టుకునే ఇంటికొచ్చి, అలలు తెర మీద పరిచాను. నా గొంతు వింటుంటే సిగ్గుతో చచ్చిపోయాను. వణుకు, అపశ్రుతి. ముల్లులా గుచ్చుకుంటోంది. మొదటి తప్పు పంక్తికి గుర్తు పెట్టి, తీసెయ్యబోయాను. నర్సక్క నా చెయ్యి పట్టుకుంది.

"అది తీస్తే ఆమె ఎవర్ని దిద్దుతున్నట్టు?"

మండలి అంతా వింటారక్కా, నవ్వుతారు అన్నాను. "నవ్వనీ. నవ్వినోళ్లకు గా తప్పు యాదికుంటది" అంది. తర్వాత, తన భర్త రికార్డు చేసిన క్యాసెట్లు ఇంట్లో ఎన్నో ఉన్నాయనీ, అందులో పాడినవాళ్ళున్నారు, మాట్లాడినవాళ్ళున్నారు, వెనక నిలబడి రికార్డు చేసిన ఆయన గొంతు మాత్రం ఒక్కదాంట్లోనూ లేదనీ చెప్పింది. ఎక్కడైనా నడుమ ఒక మాట అని ఉంటే, ఆయనే శుభ్రంగా చెరిపేసేవాడట. ఆ సంగతి ఆమె మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు. నేను గుర్తు తీసేసి, పంక్తిని అలాగే ఉంచాను. మిగిలిన రెండు క్యాసెట్లూ ఈసారి ఏమీ కొయ్యకుండా ఎక్కించాం. దగ్గుతో, ఫ్యానుతో, రైలుతో.

బుధవారం మధ్యాహ్నం సూరమ్మగారికి వినిపించాం. నర్సక్క తన హెడ్‌ఫోన్ ఆవిడ తలకు తానే పెట్టింది. ఆవిడ ఒక్కో పాటకూ వేళ్ళతో తాళం వేస్తూ, నేను తప్పినచోటల్లా కళ్ళెగరేస్తూ విన్నారు. చివర హెడ్‌ఫోన్ తీసి, నా బుగ్గ పట్టుకుని, "బాగా తప్పేవే" అన్నారు. ఆ గొంతుతో నాతో ఆవిడన్న ఆఖరి మాట అదే. ఆపరేషన్ తర్వాత ఆవిడ బతికారు, అది దేవుడి దయ. మాట మాత్రం ఊపిరి చప్పుడుగా మిగిలింది. శనివారాలు వచ్చి ముందు వరుసలో కూర్చునేవారు. మండలి తప్పితే చెయ్యెత్తేవారు. ఎందుకెత్తారో సీడీ విన్న అందరికీ తెలుసు.

క్యాసెట్ల కాలం పోయింది, సీడీల కాలమూ పోయింది. పెద్ద పెద్ద స్పీకర్ బాక్సుల వాళ్ళు వచ్చాక నర్సక్క దుకాణం మూసి కూతురి దగ్గరికి వెళ్ళింది. వెళ్ళేముందు హెడ్‌ఫోన్ నాకిచ్చి, ఇగ నాకెందుకే అంది. తర్వాత నాలుగేళ్ళకు పోయింది. నేను సమయానికి వెళ్ళలేకపోయాను. అయినా ఏ రోజూ ఆమెకు దణ్ణం పెట్టకుండా పని మొదలుపెట్టలేదు. ఇప్పటికీ ఎవరెవరో రికార్డింగులు పంపుతారు, ఏ పాటకాపాట విడదీసి ఇమ్మని. విడదీస్తాను. అసలుది మాత్రం ఎన్నడూ చెరపను. ఏదైనా తీసేయమంటే, అందులో ఉన్న మనిషిని అడిగారా అని ఒకసారి అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. కొందరు అడిగి, వద్దులెండి, ఉండనివ్వండి అని మళ్ళీ ఫోన్ చేస్తారు.

ఇప్పుడు మండలి నేనే నడుపుతున్నాను. ఈ మధ్య ఒక అమ్మాయి చేరింది, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, మా సీడీ పాటలు, ఎవరో నడుమ మాటలూ ఆగినచోట్లూ కోసేసి పంపినవి, ఫోన్‌లో విని నేర్చుకుని వచ్చింది. కిందటి నెల మేలుకొలుపు ఎత్తుకోమన్నాను. రెండో పంక్తిలో రావయ్యా అన్నచోట గొంతు ఎగిరిపోయింది. అచ్చం నాలాగే, అదే వణుకుతో. నేను చెయ్యెత్తేలోపే ఆమె ఆగి, అదే పంక్తిని వొంగి, దగ్గరకెళ్ళి, మెల్లగా పిలిచింది. తర్వాత ఏమీ జరగనట్టు మూడో పంక్తికి వెళ్ళిపోయింది. పాత వాళ్ళందరూ నా వైపు చూశారు. ఆ పిల్ల తప్పును కూడా పాటలో భాగం అనుకుని నేర్చుకుందని అందరికీ అర్థమైంది.

అయ్యాక, ఏమైనా తప్పు పాడానా పిన్నిగారూ అని కంగారుగా అడిగింది. మొదటిది నాదనీ, రెండోది సూరమ్మగారిదనీ, రెండూ ఉండాలని పట్టుబట్టింది నర్సక్క అనే ఒక మైకు సెట్టు ఆవిడనీ చెప్పాను.

"మరి ఏది పాడమంటారు?"

రెండూ పాడు తల్లీ అన్నాను. మరుసటి శనివారం మండలి పదకొండుమందీ రెండూ పాడారు. ముందు ఎగిరి, తర్వాత వొంగి.